కొసరుగా వచ్చిన నాలుగో వైపు

బండిలోకి మారిన మొదటి ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం, నా మంచం కింద ఎవరో దగ్గారు. సరిగ్గా చెప్పాలంటే మంచం కింద కాదు. మంచం కింద చెక్క నేల, ఆ నేల కింద ఇనుప చట్రం, చట్రం కింద చక్రాలు, చక్రాల మధ్య మనిషి వంగి దూరేంత ఖాళీ. దగ్గు అక్కడి నుంచి వచ్చింది. నేను లేచి, అప్పడాల కర్ర అందుకుని, నేల మీద గట్టిగా కొట్టాను.

"ఎవలది కింద?"

నిద్ర చెడగొట్టినందుకు విసుక్కుంటున్న ఆడగొంతు ఒకటి పైకి వచ్చింది.

"గట్లడుగుతవేంది? నువ్వెవలు పైన?"

ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు నా దగ్గర లేదు.

నేను సంగారెడ్డి పాత బజారులో కిరాణా కొట్టువాళ్ల పిల్లను. నడక నేర్చింది బియ్యం బస్తాల మధ్య, లెక్కలు నేర్చింది గల్లా పెట్టె పక్కన. బేరంలో మా నాన్న నాకు నేర్పిన విద్యలు రెండే. ఎదుటివాడు ధర చెప్పగానే నవ్వాలి. బేరం కుదిరాక కొసరు అడగాలి. పప్పు తూచి, పొట్లం కట్టేముందు మీద వేసే పిడికెడు ఉంటుంది చూడండి, అదీ కొసరు. దానికి ధర ఉండదు కాబట్టి దాని రుచే వేరు. మా నాన్న మా కొట్టుకు వచ్చినవాళ్లకు కొసరు వేసేవాడు. తాను కొనేచోట కొసరు లేకుండా కదిలేవాడు కాదు. నేనూ అంతే. ఆస్పత్రిలో సూది వేయించుకున్నా ఇంకాస్త దూది అడిగి తెచ్చుకునే రకం.

పెళ్లయి వెళ్లింది కూడా కొట్టు ఇంటికే. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక మరుదులు కొట్టు ఉంచుకుని, పటేల్‌గూడ వైపు ఒక వెంచర్‌లో ఉన్న ప్లాటు నాకు ఇచ్చారు. మంచి ప్లాటే, తూర్పు ముఖం. కాకపోతే ఆ వెంచర్ మీద కోర్టులో కేసు నడుస్తోంది. అది తేలేదాకా ఎవరూ ఇల్లు కట్టుకోవడానికి లేదు. అలాగని ఖాళీగా వదిలేస్తే ఇంకెవరో కంచె కడీలు పాతేస్తారు. నేను వెళ్లి చూసినప్పుడల్లా నా హద్దు రాయి కాస్త పక్కకు జరిగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది.

అలాంటి రోజుల్లో అమీన్‌పూర్‌లో ఒక విల్లా ఆయన పాత ఫ్రిజ్జు అమ్ముతున్నాడంటే చూడ్డానికి వెళ్లాను. ఫ్రిజ్జు పక్కనే, గోడవారగా, తెల్లటి బండి ఒకటి ఉంది. కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే బండి. లోపల మంచం, వంటకు చిన్న గట్టు, సింకు, రెండు కిటికీలు. దేశమంతా తిరుగుదామని ముచ్చటపడి చేయించుకున్నాడట. మొదటి ప్రయాణానికే ఆయన భార్యకు నడుం పట్టేసిందట. ధరెంత అని ఊరికే అడిగాను. చెప్పాడు. నేను నవ్వాను. తగ్గించాడు. అలవాటుకొద్దీ మళ్లీ నవ్వాను. ఇంకోసారి నవ్వేసరికి బండి నాదైపోయింది. అప్పుడు కొసరు అడిగితే గ్యాసు పొయ్యి కూడా ఇచ్చాడు. ఫ్రిజ్జు సంగతి ఇద్దరం మరిచిపోయాం.

దాన్ని ట్రాక్టర్‌తో లాగించి నా ప్లాటులో నిలబెట్టాను. ఇల్లు కట్టొద్దన్నారు గాని బండి నిలపొద్దని ఎవరూ అనలేదు. కొన్నాళ్లు కాపలా ఉందామని వచ్చి అక్కడే ఉండిపోయాను.

ఆ వెంచర్‌లో వీధులకు నంబర్లు వేశారు గాని ఒక్క ఇల్లు లేదు. నీళ్లు ఎన్నడూ ఎక్కని నీళ్ల ట్యాంకు ఒకటి ఉంది. దాని కాళ్ల దగ్గర రేకుల గదిలో ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్, అతని భార్య. పెద్ద ఫ్యాక్టరీ సైరన్ మోగినప్పుడు దూరంగా రోడ్డు మీద మోటారు సైకిళ్లు జోరందుకునేవి. డ్యూటీ దిగి ఎవరెవరి ఇళ్లకో మనుషులు వెళ్లే వేళ. ఆ వేళకు నేను పొయ్యి మీద గ్లాసెడు బియ్యం పెట్టేదాన్ని. ఫోను మోగితే, ప్లాటు అమ్ముతారా అని అడిగేవాళ్లే. అమ్మే ఉద్దేశం లేకపోయినా వాళ్లతో బేరం సాగదీసేదాన్ని. రోజంతటికీ అవే మాటలు మరి.

ఇదంతా నేలకేసి చూస్తూ చెప్పలేం కదా. అందుకని, "బండి నాది, జాగ నాది" అన్నాను.

"మంచిగున్నది. మరి నీడెవలది?"

నేను నవ్వాను. ఈసారి ధర తగ్గించడానికి కాదు.

తలుపు తీసి, మెట్టు దిగి, వంగి చూశాను. నాకంటే పెద్దావిడ. భుజాన గొంగడి, దవడలో తంబాకు, చేతి పక్కన కర్ర. గోనె పట్టా పరుచుకుని చదునైన రాయి ఒకటి తలకింద పెట్టుకుంది. చుట్టూ మేకలు. వాటిలో ఒక కొమ్ము విరిగిన మేక, నా సింకు పైపు కింద చెమ్మగా ఉన్నచోటును తన సొంతం చేసుకుని పడుకుంది. ఆమె గుట్ట వైపు నుంచి మేకలను తోలుకొస్తుందట. ఈ వెంచర్ రాకముందు ఇక్కడ చెట్లుండేవట. ఇప్పుడు ఈ పక్కన నీడంటూ ఉన్నది నా బండి కిందేనట. ఆ చెప్పడం కూడా నన్ను తప్పుపట్టినట్టే చెప్పింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. సింకు నీళ్లు పోయే పైపు కోసం నేలకు కోసిన బెజ్జం, పైపు కంటే పెద్దది. మా మాటలన్నీ ఆ సందులోంచే. నేను బెజ్జం పక్కన పీట వేసుకుని కూరగాయలు తరిగేదాన్ని. ఆమె కింద వెల్లకిలా పడుకుని మాట్లాడేది. ఆమెను అక్కా అనేదాన్ని. నా కొట్టు పుట్టుక ఎలా పసిగట్టిందో గాని, నన్ను సావుకారమ్మా అనేది.

"ఏం కూర సావుకారమ్మా?"

"బెండకాయ."

"నిన్న గూడ గదే గద."

"నిన్నటిదే ఇది."

"గింతంత తినుడేందే, పిట్ట లెక్క!"

ఒకరోజు నన్ను ఆటపట్టించడానికే అడిగింది. "నీ బండి కింద ఉంటున్న. నేను నీకు కిరాయిదారునా?"

"కాదా మరి? కిరాయియ్యాలె."

"దినాం ఇస్తనే ఉన్న గద. ఊడ్సుకో, గంపెడైతది."

ఆ మేకల ఎరువుతోనే నా తలుపు పక్క కరివేపాకు మొక్క ఏపుగా లేచింది. వానలు వెనకబట్టాక ఆమె గుట్ట మీది సీతాఫలాలు తెచ్చేది. వాటికీ నేను బేరం చేసేదాన్ని, అయ్యాక కొసరు అడిగేదాన్ని. "నీ నోట్ల మన్నువడ, గుట్ట మీద కాయకు గూడ కొసరా!" అని తిడుతూ ఇంకో కాయ కిటికీలోంచి లోపలికి విసిరేది.

ఒకసారి మాత్రం నవ్వులాట కాకుండా అంది. "పగటీలంత నీ అడుగులే ఇంటున్న. పొయ్యి కాడికెల్లి మంచం కాడికి, మంచం కాడికెల్లి పొయ్యి కాడికి. నడుమ యాడికి పోవు. నా మేకలు నయం."

"బండే గద అక్కా. ఎన్నడన్న పోత" అన్నాను.

"పోవు" అని, ఆమె అటు తిరిగి పడుకుంది.

చలికాలం వచ్చాక ఆ బండి అసలు గుణం తెలిసింది. గుట్ట మీంచి దిగిన గాలి కింద నుంచి దూసుకుపోతుంటే నేల చెక్క కాలు పెట్టనిచ్చేది కాదు. చాప వేసి, చాప మీద గోనె వేసి, గోనె మీద దుప్పటి వేసినా చలి వాటన్నిటినీ దాటి నా దగ్గరికే వచ్చేది. దానికి తోడు పందికొక్కులు చేరి కింది వైరు కొరికేశాయి. చట్రం నుంచి నేలదాకా చుట్టూ రేకు దించేస్తే గాలీ ఆగుతుంది, పందికొక్కులూ ఆగుతాయి అని తేల్చుకున్నాను.

కాని చలికి కావలసిన సరుకు చలికాలంలో కొంటామా! స్వెట్టరు ఎండాకాలంలోనూ, గొడుగు చలికాలంలోనూ కొనే వంశం మాది. గిరాకీ లేనప్పుడే ధర దిగుతుంది. అందుకని వణకవలసినంత కాలం ఓపికగా వణికి, ఎండలు ముదరబోతుండగా, చలికి రేకులు కట్టించుకోవడానికి బయల్దేరాను.

బయల్దేరే ముందురోజు బెజ్జంలోంచి ఆమెకు చెప్పాను.

"మూడు దిక్కుల మూపిస్త అక్కా. గాలొస్తె రానీ, గుట్ట దిక్కు నీకు ఇడిసిపెడ్త."

"నాకోసమేం ఇడువకు. బండి నీది."

"నీడ నీది గద" అన్నాను.

నవ్వినట్టు తంబాకు ఉమ్మిన చప్పుడు వినిపించింది.

రోడ్డు మీద వెల్డింగ్ షాపు భాయ్ దగ్గరికి, ఆయన షట్టరు లేపుతుండగా వెళ్లాను. బోణీ బేరాన్ని ఏ దుకాణదారూ పోగొట్టుకోడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"సలామ్ అమ్మా. మీరు పొద్దుగాల్నే వచ్చిన్రంటె ఇయ్యాల నా పని ఖతం."

ఏదో ఫ్యాక్టరీ షెడ్డుకు వేయగా మిగిలిన నీలం రేకుల ముక్కలు ఆయన గోడకు ఆనించి ఉన్నాయి. బండి చట్రానికి ఇనుప యాంగిల్ పట్టీలు బిగించి, మూడు వైపులా రేకు దింపాలని చెప్పాను. చక్రాల దగ్గర మాత్రం రేకు వాటి గుండ్రాన్నిబట్టి కోయాలి. చక్రాలు కనిపిస్తేనే అది బండి, కనిపించకపోతే ఎవరైనా వచ్చి ఇల్లు కట్టావంటారు.

"చలికా? ఎండలొచ్చినయ్ గదమ్మా!"

"వచ్చే చలికి."

భాయ్ ఆకాశానికేసి చూశాడు. "యా అల్లా, గీ అమ్మతోని బేరం చేసి నేను బతుకుతనా?"

ధర చెప్పాడు. నేను నవ్వాను.

"నవ్వకండమ్మా. మీరు నవ్వితే నాకు గుబులైతది." తగ్గించాడు. ఆ తర్వాత ఆయన రేకుల మందం గురించి, నేను వాటి మీది గీతల గురించి, ఆయన కరెంటు బిల్లు గురించి, నేను నా ఒంటరితనం గురించి మాట్లాడుకున్నాం. ఒంటరితనాన్ని నేను బేరంలో వాడతాను. అక్కడైనా పనికిరావాలి కదా. చివరికి కుదిరింది. నేను మాత్రం స్టూలు మీంచి లేవలేదు.

"ఇంకేందమ్మా?"

"మరి కొసరు?"

"రేకుల కొసరేందమ్మా! పప్పా, ఉప్పా?"

"ఏదన్న గాని. కొసరు లేకుంట లేవ."

బోణీ వేళ కొట్టుకు అడ్డంగా ఒక ఆడమనిషి కూర్చుని లేవనంటే దుకాణదారుకు అంతకు మించిన పరేషాన్ ఉండదు. భాయ్ చేతులెత్తేశాడు.

"సరే, సరే. ముక్కలు ఎట్లన్న మిగుల్తయ్. నాలుగో దిక్కు గూడ ఏసేస్త. ముఫ్త్. ఇప్పుడు ఖుషేనా?"

ఖుషే. ఒళ్లంతా తీపి పాకింది. పిడికెడు పప్పు కాదు, ఒక దిక్కుకు దిక్కే కొసరు! మా నాన్న బతికుంటే ఆ రోజు నాకు తన కుర్చీ ఇచ్చేవాడు. నాలుగో వైపు ఎందుకు వద్దనుకున్నానో అప్పుడు గుర్తు రాలేదని రాస్తే అది అబద్ధం. గుర్తొచ్చింది. కాని గెలిచిన కొసరును వద్దనడం మా ఇంటా వంటా లేదు. నోరు రాలేదు, అంతే.

భాయ్ పనికి వచ్చిన రోజున ఆమె లేదు. హత్నూర దగ్గర చుట్టాలింట్లో పెళ్లికి పోయింది; మేకలను ఇంటి దగ్గరే కట్టేసి, కొమ్మ కోసి వేయమని ఎవరికో చెప్పిందట. డ్రిల్ మిషన్ చప్పుడుతో బండి పొద్దంతా వణికింది. మూడు వైపులు అయ్యాక, నేను గుట్ట వైపు నిలబడి కదలకపోవడం చూసి భాయ్ అడిగాడు.

"ఏందమ్మా, గీ దిక్కు వద్దా? వద్దంటె చెప్పండి, రేకు వాపస్ తీస్కపోత."

వాపస్ అన్న మాట నా చెవిలో చురుక్కుమంది.

"ఉండనియ్" అన్నాను.

తర్వాత ఆ రేకుకే చిన్న తలుపు పెట్టిద్దాంలే అని సర్దిచెప్పుకున్నాను. తలుపంటే మళ్లీ ఒక బేరం, దాని మీద మళ్లీ ఒక కొసరు. లోపల్లోపల దానికోసం ఉత్సాహం కూడా. భాయ్ వెళ్లాక బండి చుట్టూ తిరిగి చూసుకున్నాను. కుచ్చిళ్లు నేలను తాకేలా నీలం చీర కట్టుకున్నట్టు నిండుగా ఉంది. ఆ నిండుతనం చూపించడానికి చుట్టూ ఎవరూ లేరు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. మేకల మెడ గంటలు వినగానే నేను బెజ్జం పక్కన పీట మీద కూర్చున్నాను. చెప్పవలసిన మాటలు సిద్ధం చేసుకున్నాను. చలికని వేయించాను, తలుపు పెట్టిస్తాను. బయట కర్రతో రేకు మీద రెండుసార్లు తట్టిన చప్పుడైంది. నేను ఆమె పిలుస్తుందని కూర్చున్నాను. తిట్టినా బాగుండేది, తిడితే నేనూ ఏదో అనేదాన్ని, బేరం మొదలయ్యేది. కిటికీ పక్కనుంచి చూస్తే, ఆమె రేకు మీద అరచేయి ఆనించి, కాలినట్టుంది, వెంటనే తీసేసింది. ఒంటికొమ్ము మేక రేకును కొమ్ముతో పొడుస్తోంది. దాని చెవి పట్టి లాగి, మందను మళ్లించుకుని వెళ్లిపోయింది. నేను తలుపు తీసి పిలవవచ్చు. ఎండలో చెమట కక్కుతున్న మనిషితో, చలి కోసం వేయించానక్కా అని చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఆ తర్వాత ఆమె రాలేదు.

మూసేశాక నేల కింద గాలి ఆడక బండి ఉడికిపోయింది. బెజ్జంలోంచి వేడి ఆవిరి తప్ప ఏదీ పైకి రావడం లేదు. ఒక మధ్యాహ్నం, ఎందుకో, బెజ్జం దగ్గర నోరు పెట్టి "అక్కా" అన్నాను. నా గొంతే రేకులకు కొట్టుకుని, మోటుగా తిరిగి వచ్చింది. మళ్లీ పిలవలేదు.

ఆమె ఎక్కడికి పోయిందో నాకు కిటికీలోంచే కనిపించేది. నీళ్ల ట్యాంకు కింద. ట్యాంకు కాళ్ల మధ్య నీడలో మేకలు, పక్కన ఆమె, ఆమెకు ఎదురుగా వాచ్‌మన్ భార్య. ఆవిడకు ఒరియా తప్ప రాదు. ఈమెకు మన భాష తప్ప రాదు. అయినా ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ నవ్వుకుంటున్నట్టు అంత దూరానికీ తెలిసేది. రోజూ వచ్చే గిరాకీ ఎదురు కొట్టు మెట్లెక్కితే మా నాన్న పిలిచేవాడు కాదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు. ఆ పేపరు చాలాసేపు ఒకే పేజీ దగ్గర ఉండేది. నాకు పేపరు లేదు. కిటికీ కర్టెన్ వేసుకునేదాన్ని, కాసేపటికి కొంచెం తొలగించేదాన్ని.

అలా ఎన్నాళ్లో ఉండలేకపోయాను. మళ్లీ పొద్దున్నే భాయ్ షాపు ముందు నిలబడ్డాను. నన్ను చూసి ఆయన సగం లేపిన షట్టరు దించేయబోయాడు.

"భాయ్, ఆ కొసరు వాపస్ తీస్కో."

"ఏంది?"

"నాలుగో దిక్కు. నాకొద్దు."

భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. ఇందులో ఏ బేరం దాగి ఉందో అని ఆయన భయం. "అమ్మా, బొక్కలు వడ్డ రేకు నేనేం జేసుకుంట? వాపస్‌కు బదులు ఇంకేమన్న అడుగుతరా?"

"ఏం అడుగ. తీసేస్తె చాలు."

"ఇయ్యాల భానూర్ల షెడ్ పనుంది. నక్కో అమ్మా, ఇంక కొన్ని దినాలు నన్ను ఇడిసిపెట్టండి" అని, స్క్రూలు ఇప్పే పానా ఒకటి నా చేతిలో పెట్టి పంపించాడు. కొసరు అడగకుండా నేను లేచి రావడం చూసి, ఒంట్లో మంచిగనే ఉన్నదా అని వెనకనుంచి అడిగాడు కూడా.

మట్టిలో ఒక పక్కకు పడుకుని, పానా తిప్పుకుంటూ, ఆ రేకు నేనే ఇప్పాను. కొన్ని స్క్రూలు అలా తిప్పితే ఇలా తిరిగాయి. చివరి స్క్రూ వదిలాక రేకు నా మీదకే ఒరిగింది. దాన్ని తోసి లోపలికి చూస్తే, నీడలో ఆమె తలకింది రాయి ఉంది. దాని పక్కన మడతపెట్టిన గోనె పట్టా, తంబాకు డబ్బా. రోజూ మోయడమెందుకని ఇక్కడే పెట్టి వెళ్లేది. రేకులు బిగించిన రోజు నేనూ చూడలేదు, భాయ్ కూడా చూడలేదు. నేను వాటిని లోపలపెట్టి మూసేశాను. ఇన్ని రోజులుగా వాటిని ఇమ్మని కూడా ఆమె నన్ను అడగలేదు.

గోనె దులిపి, డబ్బా తుడిచి, ఎండలోనే ట్యాంకు దగ్గరికి నడిచాను. వాటిని ఆమె ముందు పెట్టాను. ఆమె ముందు గోనెను, తర్వాత నన్ను చూసింది.

"తాళమేసి దాసినవ్ గద. నా గోనె మీద గంత ఆశేందే సావుకారమ్మా?"

"దాయలే అక్కా. మర్సిన."

"దినాం కూసునే జాగ. మర్సినవా?"

"చలికని ఏయించిన" అన్నాను. నా నుదుటి మీంచి చెమట కారి కంట్లో పడుతోంది.

"అవునవును. చలి బాగున్నది." కొంగుతో విసురుకుంటూ వాచ్‌మన్ భార్యకేసి తిరిగి, వణుకుతున్నట్టు చేతులు ముడుచుకుని చూపించింది. ఆవిడ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాలనుకున్నాను, కుదరలేదు.

"గుట్ట దిక్కు రేకు తీసేసిన. రా అక్కా."

ఆమె తంబాకు డబ్బా మూత తీసి, ఎండిపోయిందేమో చూసి, మళ్లీ పెట్టింది. "నాకు కోపమేం లేదమ్మా. తలుపేసుకున్నోళ్లను పిలుస్తమా? అంతే." నాకు ఆ అమ్మా అన్న మాట తగిలింది, సావుకారమ్మా అని తిట్టినప్పుడు అంత దూరం ఉండేది కాదు. "ఇగ మేకలు గిటు మరిగినయ్. నాదేమున్నది, అవి యాడ పంటె ఆడనే నేను. వాటికి చెప్పుకో. బేరాలు నీకొస్తయ్ గద."

తిరిగి వచ్చేశాను.

మేకలతో బేరం చేయడం మా నాన్న నేర్పలేదు. వాటి ముందు నవ్వితే ఉపయోగం లేదు. వెంచర్ అవతల చెరువు గట్టు మీద, మేకలు ఇష్టంగా తినే తుమ్మకాయలు రాలి ఉన్నాయని తెలుసు. పొద్దున్నే వెళ్లి తట్ట నిండా ఏరుకొచ్చి, బండి కింద గుట్ట వైపున పోసేదాన్ని. సింకు నీళ్లు ఎక్కువ వదిలి పైపు కింద నేల తడిపేదాన్ని. మధ్యాహ్నం బెజ్జం పక్కన కూర్చునేదాన్ని. ట్యాంకు వైపు గంటలు వినిపించేవి, దగ్గరికి వచ్చేవి కావు. తుమ్మకాయలను చీమలు, ఉడుతలు తిన్నాయి. పందికొక్కులు ఎటూ తిరిగి వచ్చేశాయి. తీసిన రేకును గోడలా నిలబెట్టి కరివేపాకు మొక్కకు నీడ చేశాను; ఉన్నదాన్ని ఊరికే పడేయలేను.

ఒక మధ్యాహ్నం కాయ కొరికిన చప్పుడైంది. కటుక్కుమని. నేను కూరగాయల కత్తి మెల్లగా కింద పెట్టాను. బెజ్జంలోంచి చూస్తే పైపు చెమ్మ దగ్గర ఒంటికొమ్ము మేక వీపు కనిపించింది. పొట్ట రెండు వైపులా ఉబ్బి ఉంది. చూడిది. నేను ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు.

బయట కర్ర చప్పుడు, వెంటనే తిట్లు.

"దీనికి మాయరోగం రాను! ఎంత గుంజినా ఈడికే వస్తది. నడువ్, నడువ్."

ఆమె వంగి లోపలికి చూసినట్టుంది. రాయి జరుపుతున్న చప్పుడు వినిపించింది. లేక కర్ర ఆనించిన చప్పుడేమో.

"అక్కా" అన్నాను.

"ఊఁ."

"కూసో."

"కూసోను. మంద ఆడ ట్యాంకి కాడ ఉన్నది."

నేను మాట వెతుక్కున్నాను. ధర లేదు, సరుకు లేదు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అవతల ఆమె కూడా పోకుండా నిలబడి ఉంది. చివరికి ఆమే అంది.

"కడుపుతోని ఉన్నది. గుట్టెక్కుతలేదు. పొద్దుగూకేదాంక దీన్ని ఈడ ఇడిసిపోత. మళ్లొచ్చి తీస్కపోత."

"ఇడిసిపో."

"నీళ్లు పెట్టు."

"పెడ్త."

"ఊకె ముట్టకు. పొడుస్తది."

అడుగులు కొంత దూరం పోయి ఆగాయి.

"సావుకారమ్మా!"

"ఆఁ అక్కా."

"గింతసేపు ఉంచుకున్నందుకు కిరాయడుగుతవేమో. అడుగకు. కొసరనుకో."

అడుగులు ట్యాంకు వైపు వెళ్లిపోయాయి. నేను గిన్నెతో నీళ్లు తీసుకెళ్లి, వంగి, చేయి అందినంత దూరం లోపలికి జరిపి పెట్టి వచ్చాను. మళ్లీ పీట మీద కూర్చున్నాను. గుట్ట వైపు నుంచి గాలి కింద దూరి బెజ్జంలోంచి చల్లగా కాలికి తగులుతోంది. మేక నెమరేస్తోంది. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. రోడ్డు మీద మోటారు సైకిళ్ల మోత పెరిగి తగ్గిపోయింది. బియ్యం కడగవలసిన వేళ. లేస్తే నేల కిర్రుమంటుంది, మేక బెదిరి లేస్తుందేమోనని లేవలేదు. ఎండ గుట్ట మీదికి వాలేదాకా, గంటలు ఎటు నుంచి వస్తాయా అని వింటూ అక్కడే కూర్చున్నాను.